ఎర్నమ్మ చెప్పిన పట్టు

అనగా అనగా, మన ముత్తవ్వల ముత్తవ్వలు పాలు తాగే కాలంలో, ఒక ఊళ్ళో దాలమ్మ ఉండేది. ముగ్గురు పిల్లల తల్లి. మూడో కాన్పు తర్వాత ఆమెకో కష్టం వచ్చిపడింది. దగ్గితే తడి, తుమ్మితే తడి, బరువెత్తితే తడి. ఎవరితో చెప్పుకుంటుంది? చీర మార్చుకుని ఊరుకునేది.

పెద్దకూతురు అసిరికి పెళ్ళి కుదిరింది, ముహూర్తం నాలుగు నెలలకు పెట్టారు. ఆ ఊళ్ళో పెళ్ళంటే ముందు పసుపు దంచాలి. తొలిపోటు పెళ్ళికూతురి తల్లే వెయ్యాలి, ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడి చూడాలి. రోకలెత్తితే అందరిముందూ చీర తడుస్తుందని దాలమ్మకు భయం పట్టుకుంది. "తొలిపోటు మా ఆడపడుచు వేస్తాది" అంది. ఊరికి అంతకంటే ఏం కావాలి? తల్లికే ఈ సంబంధం ఇష్టం లేదన్నారు. మాట వియ్యాలవారి చెవిన పడింది. అసిరి అన్నం మానేసి ఏడ్చింది.

ఇంటింటా వడ్లు దంచి, నూకలు తెచ్చుకుని బతికే ముసలి ఎర్నమ్మ, దగ్గొచ్చినప్పుడు దాలమ్మ కాళ్ళు దగ్గర పెట్టుకోవడం చూసింది. పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఎన్నాళ్ళనించే?"

"మూడో పిల్ల పుట్టినకాడినించి, మామ్మా."

"నాకూ అయిందే. రోకలెత్తితే సీర తడిసిపోయేది. కూడు పెట్టే పని మానీలేక నానే దారి ఎతుక్కున్నాను. ఒంటికొస్తే ఆపుకుంటావు సూడు, అలాగ లోపల బిగించు. పైకి లాగు, పట్టుంచు, వదులు. ఊపిరి మాత్రం ఆపకు."

"ఇంతేనా?"

"ఇంతే. రోజూ సెయ్యాలి. పొయ్యికాడ సేసినా ఎవులికీ తెలీదు."

పైకి లాగింది, పట్టుంచింది, వదిలింది. మొదటి నెల ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి మరీ చేసింది. కడుపునొప్పేమోనని మొగుడు పాపం వాము నీళ్ళు కాచాడు. తడి తగ్గలేదు. దాలమ్మకు ఏడుపొచ్చింది.

"ఒక్క పోటుకే వడ్లు బియ్యమైపోతాయేటే? ఊపిరొదిలి సెయ్యి" అంది ఎర్నమ్మ.

పైకి లాగింది, పట్టుంచింది, వదిలింది. రెండో నెల తుమ్మితే తడి లేదు. మూడో నెల నీళ్ళబిందె ఎత్తినా తడి లేదు.

పసుపు దంచే రోజు వచ్చింది. వియ్యపురాలూ వచ్చి కూర్చుంది. దాలమ్మ రోకలి అందుకుంది.

"ముందు బిగించు, తరవాతెత్తు" అంది ఎర్నమ్మ, పక్కకొచ్చి మెల్లగా.

బిగించింది, ఎత్తింది, దించింది. పసుపుకొమ్ము ఫటుక్కున విరిగింది. తడి లేదు. అసిరి ముఖం వెలిగిపోయింది. దాలమ్మ అందరిముందూ ఎర్నమ్మ కాళ్ళకు దండం పెట్టింది.

"ఎందుకమ్మా?" అని అడిగింది వియ్యపురాలు.

దాలమ్మ సిగ్గు పక్కన పెట్టి ఉన్నదంతా చెప్పేసింది. ఒకావిడ "నాకూ అంతే" అంది. ఇంకొకావిడ "నాకూను" అంది. మూడో ఆవిడ వియ్యపురాలే. "నాకూ నేర్పు మామ్మా" అంటూ ఎర్నమ్మ చెయ్యి పట్టుకుంది.

ఎర్నమ్మ పోయి తరాలైంది. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ పసుపు దంచేముందు పెద్దావిడ "ఎర్నమ్మను తలుసుకోండే" అంటుంది. ఆడవాళ్ళంతా రోకళ్ళు పట్టుకుని, లోపల బిగించి, కాసేపు కదలకుండా నిలబడతారు. దూరాన మగవాళ్ళు, ఏ దేవతకో మొక్కుతున్నారనుకుంటారు. అనుకోనీ. మొక్కడం కూడా నిజమే కదా.