తెరమీద మూడు శుభలేఖలు

గుమ్మలూరులో శుభలేఖల ప్రెస్సు నడిపే అన్నదమ్ములు ముగ్గురు: పైడయ్య, గురువులు, సూరప్పడు. తమ బుర్రలు కలిపితే జిల్లా మొత్తానికి సరిపోతాయని వాళ్ళ నమ్మకం. నమ్మకానికేం, పన్ను కట్టక్కర్లేదు కదా!

ఒకరోజు తవిటినాయుడు రొప్పుకుంటూ వచ్చాడు.

"సాయంత్రంలోగా కార్డు పట్టుకెళ్ళి పిలవకపోతే నా బావమరుదులు అలిగి పెళ్ళికి రారు బాబూ! మేనమావలు లేకుండా నా పిల్లని బుట్టలో ఎవరు తెస్తారు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పాపం.

కంప్యూటరు తెరమీద పక్కపక్కనే మూడు గడులు. ఒకదాన్లో నాయుడు రాసిచ్చిన కాగితం, ఇంకోదాన్లో నిన్నటి కార్డు, మూడోదాన్లో ఇవాళ దిద్దిన కార్డు. మూడింటినీ కలిపి సరిచూడాలి. పైడయ్య మౌసు చక్రం తిప్పితే మూడింట్లో ఒక్క గడే కదిలింది. వెంటనే కంప్యూటరు అమ్మిన చంద్రికకి ఫోను చేశాడు.

"ఏ గడిమీద నొక్కితే అదే మీ మాట వింటుందండీ. మిగతావి వినవు" అందామె.

"అలాగైతే తలో గడీ పంచుకుందాం!" అన్నాడు గురువులు. అంతే, ఇంకో రెండు మౌసులు కొనుక్కొచ్చి తగిలించారు. బాణం ఒక్కటే, లాగేవాళ్ళు ముగ్గురు. అది తెరంతా గిలగిల్లాడిపోయింది.

"నా గడిలోకి నీ బాణం ఎందుకొచ్చిందిరా?"

"అది నా బాణమే! నీదే ఇంకా రాలేదు!"

ఇంకేముంది, జుట్లు పట్టుకున్నారు. నాయుడే విడదీసి, కార్డులో కిందున్న పెళ్ళికొడుకు పేరు కనబడట్లేదని మళ్ళీ ఫోను చేయించాడు.

"ఒక్కరే మౌసు పట్టుకోండి. పైకి జరిపితే కింద ఉన్నది కనిపిస్తుంది" అంది చంద్రిక.

అంతే, ఇద్దరు కలిసి తెరని పైకెత్తారు. సూరప్పడు వంగి చూశాడు.

"చీమలున్నాయన్నయ్యా! పెళ్ళికొడుకు లేడు!"

నాయుడు నెత్తి బాదుకున్నాడు. చంద్రికకీ ఓపిక పోయింది. "దిద్దిన కార్డు మూడోదేగా? మిగతా రెండూ మూసేసి దాన్ని ఇవ్వాల్సినవాళ్ళ చేతికిచ్చేయండి!" అని ఫోను పెట్టేసింది. ముందు ప్రింటు తీయాలని ఎవరికైనా చెప్పాలా? వీళ్ళకి చెప్పాలి.

గురువులు రెండు గడులమీదా తువ్వాలు కప్పాడు. పైడయ్య తీగలన్నీ పీకేసి తెరని సూరప్పడి నెత్తికెత్తాడు. నాయుడు వద్దువద్దంటున్నా వినకుండా ముగ్గురూ బావమరుదుల ఇంటికే నడిచారు. తెరకి నాలుగు మూలలా పసుపు రాసి, శుభలేఖ అంటూ పెద్ద బావమరిది చేతుల్లో పెట్టారు.

ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఏటయ్యా ఇది? శుభలేఖంతా నల్లగుందేటి?"

పైడయ్య నవ్వాడు.

"రాత్రి ముహూర్తం కదా బాబూ, అలాగే ఉంటది!"