ఒకటో నంబరు ఎటువైపు

ఒక కారులో ఒక పెట్టె ఉండేది. మెకానిక్కులు దాన్ని ఈసీఎం అంటారు. ఇంజిన్ దాని మాట ప్రకారమే నడిచేది. అది మాత్రం ఇంజిన్‌ను ఎన్నడూ చూడలేదు.

ఇంజిన్‌లో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగు. ఏ రెండూ ఒకేలా చిమ్మవు. అందుకని ఒక్కోదాని స్వభావాన్ని అక్షరాలుగా, అంకెలుగా దాని తలమీద చెక్కుతారు. వాటిని చూసి వరసగా పెట్టెలో రాస్తారు. పెట్టె ఆ రాతను నమ్మి, ఎక్కువ చిమ్మేదాన్ని తగ్గించమని, తక్కువ చిమ్మేదాన్ని పెంచమని చెబుతుంది.

ఇంజెక్టర్లు మార్పించినప్పటి నుంచి కారు వణకసాగింది. నల్లటి పొగ వదిలింది. డీజిల్ ఎక్కువ తాగింది.

యజమాని డ్రైవరును అనుమానించాడు. పదకొండేళ్లుగా ఆ కారు నడుపుతున్న మనిషి అతను. యజమాని డీజిల్ ట్యాంకుకు తాళం వేయించి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడు. అయినా డీజిల్ తరిగింది. దొంగ బాగా తెలివైనవాడని ఆయన తేల్చుకున్నాడు. శనివారంలోగా కారణం తేలకపోతే పనిలోకి రావద్దన్నాడు.

డ్రైవరు కారును ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇద్దరూ కుమ్మక్కవుతారేమోనని యజమాని కూడా వెనక సీట్లో కూర్చుని వచ్చాడు.

ముసలాయన తాళం చూసి, ట్యాంకు మూతికి వేశారు సరే, ఇంజిన్ మూతికి ఎవరు వేస్తారండీ అన్నాడు. యజమాని నవ్వలేదు.

ముసలాయన పెట్టెలోని రాతను చదివాడు. బానెట్ ఎత్తి, ఇంజెక్టర్ల తలలు తుడిచి, వాటినీ చదివాడు. నాలుగు రాతలూ అవే. వరస మాత్రం తిరగబడింది.

"నాలుగూ మంచివేనండీ. ఈ బండికి ఒకటో నంబరు బెల్టు వైపు. ఇవి మార్చి పెట్టెలో రాసినాయన గేరుబాక్సు వైపు నుంచి లెక్కపెట్టాడు. వేరే కంపెనీ బళ్లకు అలవాటుపడ్డ చెయ్యి. ఎక్కువ పోసేదాన్ని ఇంకా పొయ్యమంటోంది పెట్టె. తక్కువ పోసేదాన్ని ఇంకా తగ్గించమంటోంది."

"మరి పెట్టెకు అనుమానం రాలేదా?" అన్నాడు యజమాని.

"రాకేం? ఇంజెక్టర్ల మీద వచ్చింది. తనలో ఉన్న రాత మీద రాలేదు."

ముసలాయన నాలుగు రాతలనూ సరైన వరసలో తిరిగి రాశాడు. కారు తాళంచెవి తిప్పి స్విచ్చి ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేయించాడు. వణుకు లేదు. పొగ లేదు.

శనివారం మాట ఇక మరిచిపొమ్మన్నాడు యజమాని. డ్రైవరు తలూపాడు. ఇద్దరూ బయలుదేరారు. కొంతదూరం వెళ్లాక యజమాని ముందుకు వంగాడు.

"ఇంతకీ, ఆ ముసలాయన నీకు ముందే తెలుసా?"

డ్రైవరు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇంజిన్ ఆపలేదు. దిగి, తలుపు మెల్లగా వేసి, వచ్చిన దారినే నడిచి వెళ్లాడు.

ముందు సీటు ఖాళీగా ఉంది. ఇంజిన్ నిలకడగా నడుస్తోంది. యజమాని వెనక అద్దంలోంచి, అతని నడకలో తొందర ఉందా లేదా అని చూస్తున్నాడు.