ఆరోసారి చావాల్సిన యువరాజు

తుమ్మలగిరి రాజు చంద్రసేనుడికి, పేరు మరిచిపోకముందే చెప్పేశాను, ఒక సరదా ఉండేది. నాటకంలో ఏ ఘట్టమైనా నచ్చితే చెయ్యెత్తి "మళ్ళీ" అనేవాడు. ఆటగాళ్ళు ఆ ఘట్టం మొదటినుంచీ ఆడాల్సిందే.

ఆ రోజు కోట ముంగిట ఆస్థానకవి నరహరి రాసిన కొత్త నాటకం. కథానాయకుడు పదహారేళ్ళ యువరాజు. వేషం కట్టింది అరవై దాటిన పేరయ్య. గొంతు బాగుంది కదా అని ఆయన నడుం సంగతి ఎవరూ అడగలేదు.

యువరాజు బాణం తగిలి, పద్యం పాడి, దభీమని పడి చచ్చిపోయాడు. జనం ఘొల్లుమన్నారు. ముందు వరసలో ఒక అవ్వ, "అయ్యో నాయనా, పాలబుగ్గల పిల్లాడు" అని కొంగు తడుపుకుంది.

రాజు పక్కనే ఉన్న నరహరి మెల్లగా గొణిగాడు. "ప్రభూ, ఆ పద్యం మరొక్కసారి వింటే..."

"మళ్ళీ" అన్నాడు రాజు.

పేరయ్య లేచి, పాడి, మళ్ళీ చచ్చాడు. నరహరి మళ్ళీ గొణిగాడు. మూడోసారికి జనం కళ్ళు ఆరిపోయాయి. నాలుగోసారికి పులిహోర పొట్లాలు విప్పారు. అయిదోసారికి అవ్వ విసుక్కుంది.

"చస్తే చావు, లేకపోతే లే. ఈ ఊగిసలాట ఏమిటయ్యా?"

రాజు మళ్ళీ చెయ్యెత్తాడు. పేరయ్య పాకుతూ తెర వెనక్కి వచ్చాడు. రాజుగారికి తాంబూలం అందించే సూరప్ప అక్కడ ఆటగాళ్ళకి ఆకూ వక్కా పంచుతున్నాడు.

"ఇంకోసారి పడితే లేవను సూరప్పా. నిజంగానే లేవను."

రాజు మాట కాదనే ధైర్యం ఎవరికుంది? అయితే ఆ కోటలో ఒక ఆచారం ఉంది. దేవుడి వేషం తెర దాటి వస్తే రాజైనా లేచి దండం పెట్టాలి. దేవుడితో మాట్లాడినట్టే మాట్లాడాలి.

సూరప్ప ముఖానికి మసి పూసుకుని, తెరతాడు ఒకటి భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

"యముణ్ణి వచ్చాను."

రాజు లేచి దండం పెట్టాడు. "ఏం పని మీద దయచేశారు స్వామీ?"

"ఒక్క ప్రాణం కోసం అయిదుసార్లు వచ్చాను. ప్రతిసారీ సగం దారిలో 'మళ్ళీ' అని లాగేసుకుంటున్నారు. నా దున్నపోతుకి కాళ్ళు వాచాయి. ఈసారి వట్టి చేతులతో వెళ్ళను. ఆ పద్యం మళ్ళీ కావాలన్నది ఎవరో చెప్పు. వాళ్ళనే తీసుకెళ్ళి, దారంతా అదే పాడి వినిపిస్తాను."

రాజు చేతులు కట్టుకున్నాడు. "నాకు ఒక్కసారే చాలనిపించింది స్వామీ. కావాలన్నది కవిగారు."

తాడు నరహరి వైపు తిరిగింది. నరహరి కుర్చీ వెనక్కి నక్కాడు.

"అబ్బే, ఆ పద్యం అంత బాగోలేదు స్వామీ. ఒక్కసారి వినడమే ఎక్కువ."

ముందుగా నవ్వింది తెర పక్కన పడుకున్న యువరాజు, "అమ్మా నడుం" అంటూనే. ఆ తర్వాత కోటంతా నవ్వింది. రాజు కళ్ళు తుడుచుకుని, యువరాజుకి పట్టు పరుపు ఒకటి తెమ్మన్నాడు. తన ముంజేతి బంగారు కంకణం తీసి యముడి చేతికి తొడిగాడు.

"స్వామి వట్టి చేతులతో వెళ్ళకూడదు."

ముందు వరసలో అవ్వ పులిహోర మింగి, చెయ్యెత్తింది.

"మళ్ళీ."