కంబం మీది డేగ

ఒకసారి నమ్మినదాన్ని మళ్లీ తలెత్తి చూడవు నువ్వు. నీ తప్పు అదే. అడిగినవాడికి అడిగినంత ఇస్తావు, ఇచ్చినదానికి ఏం వస్తోందో చూసుకోవడానికి బద్ధకిస్తావు. అంతా పోయాక నెత్తీ నోరూ కొట్టుకుంటావు. అలా పక్కచూపులు చూడకు. నీకే చెబుతున్నాను, విను.

ఒక ఊళ్లో ఒక డేగవాడు ఉండేవాడు. జొన్నచేల నడుమ పొడుగాటి కంబం పాతి, దాని మీద తన డేగను కూర్చోబెట్టాడు. అది రెక్క విప్పితే చాలు, చిలకల గుంపు ఆ చాయలకు వచ్చేది కాదు. అందుకు ప్రతి ఇల్లూ వారానికొక కోడిపిల్లను డేగ మేతకు ఇచ్చేది. కాపలా బెంగ తీరిందని ఊరివాళ్లు మంచెలు పీకేశారు. రాళ్లు విసిరే వడిసెలలు చూరులో దోపి మరిచిపోయారు.

నాలుగో ఏడు కంకులు పాలుపోసుకునే వేళ, ఊరి చివర మెట్టచేను ఆమె తన పైరు చూసి నిలబడిపోయింది. సగం కంకులు బోడిగా ఉన్నాయి. ఆమెకున్నది ఆ ఒక్క చెక్కే. ఇద్దరు పిల్లలకు ఏడాది తిండి అందులోంచే రావాలి.

ఆమె నేరుగా డేగవాడి దగ్గరికి పోయింది.

"అన్నా, మా చేలో చిలకలు పడుతున్నాయి."

"పడవమ్మా. డేగ ఉందిగా."

"కంకులు చూడు మరి."

"ఇది ఉడతల పని. ఉడతల్ని ఆపుతానని నేనెప్పుడన్నా చెప్పానా?"

"నేను చూసినవి ఎగిరిపోయాయి. ఉడతలు ఎగురుతాయా?"

డేగవాడు గడ్డం గోక్కున్నాడు. "నీ చేను దూరం కదమ్మా. దూరపు చేలకు రెండు కోడిపిల్లలివ్వాలి. అప్పుడు డేగ అటు తిరుగుతుంది."

ఆమె రెండిచ్చింది. మర్నాటికి డేగ మెట్టచేను వైపు తిరిగే ఉంది. చిలకలు మాత్రం ముందుకంటే ఎక్కువ వచ్చాయి.

సంతరోజున డేగవాడు ఎప్పటిలాగే తప్పెట కొట్టాడు. "ఆకాశమంత చూపు! రెప్పపాటులో వేటు! ఇక నుంచి పొరుగూళ్ల చేలకూ మన డేగే కాపలా!" పొరుగూరి వాళ్లు అప్పటికప్పుడే గంపలో కోడిపిల్లలు వేసి పోయారు. ఆమె ఆ గంపను చూసింది, కంబం వైపు చూసింది.

ఆ సాయంత్రం ఆమె కంబం కింద గొంతుక్కూర్చుని నేలంతా వెతికింది. పక్కచేను ముసలాయన అటుగా వచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నావే?"

"రెట్ట కోసం వెతుకుతున్నా, తాతా."

"ఏందీ?"

"ఊరందరి కోడిపిల్లల్నీ తింటోంది కదా ఈ డేగ. ఒక్క రెట్ట లేదు. ఈక లేదు. ఎముక ముక్క లేదు."

ముసలాయన పకపకా నవ్వాడు. "గొప్పింటి పక్షి గదే! చెంబు పట్టుకుని చాటుకు పోతుందేమో."

"నవ్వు తాతా, నవ్వు. డేగవాడి సొంత చేను చూశావా? చింతచెట్ల వెనక ఉందే, అది. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు వల పరిచాడు."

ముసలాయన నవ్వు ఆగిపోయింది.

శుక్రవారం ఊరంతా కోడిపిల్లలతో కంబం దగ్గర చేరింది. డేగవాడు గంప పట్టుకుని నిలబడ్డాడు. తన వంతు రాగానే ఆమె పిల్లను గంపలో వేయలేదు, నేల మీద వదిలింది.

"అదేంటమ్మా, గంపలో వెయ్యి."

"మేత డేగకే కదా అన్నా. దాన్నే వచ్చి తీసుకోమను."

కోడిపిల్ల కంబం చుట్టూ తిరిగింది. జనమంతా తలలు పైకెత్తారు. మూడేళ్ల తర్వాత అందరూ ఒక్కసారిగా పైకి చూడడం అదే మొదలు. డేగ కదల్లేదు.

"దాని కడుపు నిండి ఉంది," అన్నాడు డేగవాడు.

"అయితే ఈ వారం ఎవరం ఇవ్వక్కర్లేదన్నమాట," అంది ఆమె. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

కోడిపిల్ల కంబం మొదటికి పోయి, ముక్కు దానికేసి రుద్దుకుంది. అప్పుడు ముసలాయన కంబం పట్టుకుని ఊపాడు. ముందు డేగ తల రాలింది, తర్వాత రెక్కలు. చివరకు పొట్టలో కూరిన గడ్డి జనం నెత్తిన పడింది.

"చచ్చినా దాన్ని చూసి చిలకలు జడుస్తాయనే అనుకున్నాను," అని గొణిగాడు డేగవాడు.

"మరి నీ చేనుకు వల ఎందుకేసుకున్నావు?" అని అడిగింది ఆమె.



ఎవరూ అతని మీద చెయ్యి చేసుకోలేదు. మేత తిన్నవాడే పని చేయాలని తేల్చారు. కోతలయ్యేదాకా డేగ ఉన్నచోట అతనే కూర్చోవాలి. అతని వల మెట్టచేనుకు పోయింది. కంబం కొసన పీట బిగించి అతన్ని ఎక్కించారు.

తప్పెట మీద అంత దూరం పలికిన గొంతు అరిచి అరిచి తొమ్మిది రోజులకే పోయింది. తర్వాత చేతులు ఊపుతూ కూర్చున్నాడు. అతని సొంత చేను వీపు వెనక ఉంది. అటు తిరిగితే ముందున్న చేలల్లో చిలకలు దిగుతాయి. కింద ఊరివాళ్లు చూరులోంచి తీసిన వడిసెలలతో నిలబడ్డారు. రాళ్లు చిలకల కోసమేనన్నారు. అతను మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వెనక తన కంకులు ఒలుస్తున్న చప్పుడు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వింటూనే ఉన్నాడు.

కోతల ముందటి శుక్రవారం ఆమె కోడిపిల్లను పట్టుకుని వచ్చింది. అతను పై నుంచి ఆశగా చెయ్యి చాచాడు.

ఆమె పిల్లను నేల మీద వదిలి, తన చేను వైపు వెళ్లిపోయింది.

కోడిపిల్ల అతని నీడలోకి నడిచి, తలెత్తకుండా గింజలు ఏరుకుంది.