గవర్రాజు ఫోనుకి ఉంగరం

కాకరపాడులో తెలివనేది తమ ఇంట్లోనే పుట్టిందని గవర్రాజు అనేవాడు. పుట్టి అక్కడే పెరిగిందని భార్య మంగాయమ్మ అనేది. బయటికి ఒక్క చుక్క కూడా పోలేదని తమ్ముడు సూరన్న అనేవాడు.

వాళ్ళది జంతికల వ్యాపారం. ఆ జంతిక విరిస్తే చప్పుడుకి పక్కూరి కుక్కలు లేచి మొరగాల్సిందే! పొద్దస్తమానం మూకుడు దగ్గరే ఉంటారు గనక ముగ్గురి చేతులకీ నూనె ఆరేది కాదు. ఇంకేముంది, ఇంటికున్న ఒక్కగానొక్క ఫోను చేప పిల్లలా జారేది. రాయపూర్‌లో కూతురు నాగరత్నం ఆడపిల్లని కంది. వీడియోలో పిల్ల కనబడేలోపే ఫోను నేలమీదుండేది. గవర్రాజు ఇంతవరకూ మనవరాలి ముఖమే చూడలేదు.

రేపు బారసాల. పిల్ల కుడి చెవిలో పేరు తాతే చెప్పాలని కూతురి పట్టు. ఫోను జారిందా, ఆ భాగ్యం కాస్తా వియ్యంకుడికి పోతుంది. అదీ గవర్రాజు బెంగ.

ముగ్గురూ సెల్ షాపు సుభాని మీద పడ్డారు. సుభాని స్టాండ్లు తీశాడు, ఫోను వెనక ఉండే ఉంగరాలు తీశాడు.

"స్టాండెందుకోయ్? మా ఫోనుకేమన్నా కాళ్ళు విరిగాయా?" అన్నాడు సూరన్న.

"అయితే ఈ ఉంగరం తీసుకోండి బాబాయ్. తెరిచి పెడితే స్టాండూ ఇదే. ఇది వేలికుందంటే ఫోను పడమన్నా పడదు."

ఎవరి వేలికని అక్కడో గంట రభస. చివరికి జిల్లాలోకెల్లా లావైన సూరన్న బొటనవేలికి పట్టేది కొన్నారు.

ఇంటికొచ్చారు. సూరన్న ఉంగరం వేలికి తొడుక్కున్నాడు. రెండో చేత్తో ఫోను పైకెత్తి, "పడదు, చూస్కోండి!" అని వదిలేశాడు. అంతే! ఫోను వెళ్ళి శనగపిండి బేసిన్లో పడింది.

"పడదన్నాడే!"

"వాడు చెప్పింది సరిగ్గానే ఉంటుందిరా. నీ వేలే పనికిమాలింది" అన్నాడు గవర్రాజు.

మళ్ళీ షాపుకి పరుగు. సుభాని తల పట్టుకున్నాడు.

"ఫోను వెనక అంటించాలి బాబాయ్! అంటించాక రేపు మధ్యాహ్నం దాకా చెయ్యి తగలనివ్వకండి."

అంటించడమెంతసేపు? కానీ ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువొచ్చినా ముందు నూనె పట్టించడం ఆచారం. కొత్త మూకుడుకి పట్టిస్తారు, కొత్త గొళ్ళేనికి పట్టిస్తారు, కాపురానికొచ్చిన రోజున మంగాయమ్మకీ పట్టించారు. ఉంగరాన్ని మాత్రం వదులుతారా? జిగురు వైపు కూడా వదలకుండా బాగా మర్దనా చేశారు. ఇంకేముంది, అంటిస్తే జారె, మళ్ళీ అంటిస్తే మళ్ళీ జారె!

"మన మిఠాయుండ ఎప్పుడైనా విడిపోయిందా? బెల్లప్పాకం పెట్టండి" అంది మంగాయమ్మ. ముదురు పాకంతో అంటించారు. ఏనుగు లాగినా ఊడదు! ఉంగరం తెరిచి, ఫోనుని పీట మీద నిలబెట్టి, చెయ్యి తగలకుండా ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నారు.

తెల్లారింది. ఫోను మోగింది.

"ఎత్తండి!"

"మధ్యాహ్నం కాలేదే!"

మోగుతోంది, మోగుతోంది, ఆగిపోయేలా ఉంది. గవర్రాజు గబుక్కున వంగి, ముక్కుతో నొక్కాడు.

"నాన్నా, ఏంటా గుహ?"

"నా ముక్కేనే తల్లీ!"

వెనక్కి జరిగి చూశాడు. ఉయ్యాల్లో ఒత్తిగిలి పడుకుని, గుప్పెడంత మనవరాలు. ఆయనకి కళ్ళు చెమర్చాయి. తుడుచుకుందామంటే చేతులు వెనకున్నాయి.

"వేళ దాటిపోతోంది నాన్నా. మా మామగారు లేచేస్తున్నారు. కుడి చెవిలో చెప్పు!"

చూస్తే పిల్లకి ఎడమ చెవే కనబడుతోంది. కుడి చెవి అటుపక్క ఉండాలి కదా! గవర్రాజు పీట చుట్టూ తిరిగి ఫోను వెనక్కి వెళ్ళాడు. అక్కడ నిగనిగలాడుతూ ఉంగరం.

"దొరికిందర్రా! చెవికి పోగు కూడా ఉంది!"

"అప్పుడే చెవులు కుట్టించేశారా? అమ్మమ్మనని మాటమాత్రమైనా చెప్పారా?" అంది మంగాయమ్మ.

"నాన్నా, ఎక్కడికి పోయావు?"

"నీ కూతురి చెవి దగ్గరే ఉన్నానే!" అని గవర్రాజు ఉంగరంలో నోరు పెట్టి, "హైమవతీ, హైమవతీ, హైమవతీ" అన్నాడు. రాయపూర్‌లో ఉయ్యాల చుట్టూ చప్పట్లు మోగాయి. వియ్యంకుడు మళ్ళీ కూర్చున్నాడు.

"పచ్చి చెవి, చీము పడుతుందేమో" అని మంగాయమ్మ పళ్ళతో గరిటె పట్టి, గోరువెచ్చటి నూనె ఆ పోగు మీద పోసింది. అంతే! ఉంగరం సర్రున జారి ముడుచుకుంది. ఫోను ముఖం కిందికి పెట్టి ఢబ్బున పడింది.

ముగ్గురూ వంగి చూశారు.

"బోర్లాపడింది!" అని గెంతాడు గవర్రాజు. "బారసాల నాడే బోర్లాపడిందర్రా! ఎవరి మనవరాలనుకున్నారు? సూరిగా, బొబ్బట్లకి పప్పు నానబెట్టు, ఊరంతా పంచాలి!"

ఫోను కిందనుంచి నాగరత్నం గొంతు వినబడింది. "నాన్నా, అంతా చీకటైపోయింది! తిప్పు నాన్నా!"

"ఓర్చుకోండమ్మా" అన్నాడు గవర్రాజు, చేతులు ఇంకా గట్టిగా వెనక్కి కట్టుకుని. "మధ్యాహ్నం కాగానే పిల్లని వెల్లకిలా తిప్పుతాను!"