చురకమ్మ పెట్టిన పది బొట్లు

ఒకప్పుడు మనిషికి భయం వేస్తే కాళ్ళు కదిలేవి కావు. పులి కనిపించినా, పాము బుస కొట్టినా ఉన్నచోటే గుంజలా నిలబడిపోయేవాడు. కుందేళ్ళు పొదల చాటున చేరి నవ్వుకునేవి. ఎలుగుబంటి అయితే మనిషి వెంట పరిగెత్తడం కూడా మానేసింది. "తొందరేముంది, అక్కడే ఉంటాడుగా" అనుకుంటూ దారిలో నాలుగు రేగుపళ్ళు తిని, మెల్లగా నడుచుకుంటూ వచ్చేది.

ఆ రోజుల్లో కొండ కింద ఒక గూడెంలో ముత్యాలి అనే పిల్ల ఉండేది. ఇప్పపూలు రాలే కాలంలో బుట్ట పట్టుకుని అడవికి వెళ్ళేది. ఇప్పపూలంటే ఎలుగుబంటికీ ఇష్టమే. ఒక ఏడాది ఇద్దరూ ఒకే చెట్టు కిందికి వచ్చారు. ముత్యాలి కదల్లేకపోయింది. ఎలుగుబంటి పంజా ఆమె పిక్క మీద మూడు గీతలు గీసింది. గూడెంవాళ్ళు డప్పులు కొట్టుకుంటూ రాబట్టి ప్రాణం దక్కింది.

ఆ గీతలు చూసి గూడెమంతా బాధపడింది. గూడెం కంటే ఎక్కువ బాధపడిన ఊరు ఇంకొకటి ఉంది. ఆ ఊరు ముత్యాలి తొడలోనే ఉంది.

మన ఒళ్ళంతా కణాలే. ఒక్కో కణం ఒక ఊరు, కంటికి కనిపించనంత చిన్న ఊరు. ముత్యాలి తొడలోని ఆ ఊరి పేరు తొడపేట. ఊరి మధ్యలో పెద్ద గాదె, గాదె నిండా చక్కెర గొలుసులు. వాటిని ముక్కలుగా కోసేవాళ్ళు కోతవాళ్ళు. వాళ్ళు కోస్తేనే చక్కెర పొయ్యిలోకి వెళ్ళేది. పొయ్యి మండితేనే కాలు కదిలేది. మెల్లగా నడవడానికి కాస్త మంట చాలు, పరుగుకు మాత్రం బోలెడు చక్కెర ఒక్కసారే కావాలి.

కానీ తొడపేటవాళ్ళ పట్టింపు ఒకటుంది. బొట్టు పెట్టి పిలవందే అక్కడ ఎవరూ పనికి లేవరు. ఇంట్లో పడుకున్న కోతవాడు కూడా అంతే. చెవిలో కేకేసినా, కాలు పట్టి లాగినా, నుదుట బొట్టు పడేదాకా కళ్ళు తెరవడు.

ఆ బొట్టు పెట్టే పెద్దకోడలు చురకమ్మ. పెద్ద చదువులవాళ్ళు ఆమెను ప్రోటీన్ కైనేజ్ అంటారు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం చురకమ్మే. ఆ ఊళ్ళో ఎక్కడ చూసినా ఏటీపీ అనే బుల్లి భరిణెలు తేలుతూ ఉంటాయి. ఒక్కో భరిణెలో మూడు ఫాస్ఫేట్ చుక్కలు. చురకమ్మ ఒక భరిణె అందుకుని, చివరి చుక్క తీసి, ఎదుటివాడి నుదుట పెట్టేది. చుక్క పడగానే వాడు ఒళ్ళు విరుచుకుని లేచేవాడు.

పని అయ్యాక వాళ్ళను పడుకోబెట్టే వంతు చెంబయ్యది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఒక్కొక్కరి ముఖం కడిగేవాడు. బొట్టు కరిగేది, కళ్ళు మూతపడేవి. చెంబయ్య చురకమ్మకు వరసకు మరిది. ఇద్దరికీ క్షణం పడదు. ఒకరు కనిపించకపోతే ఇంకొకరికి తోచదు.

చురకమ్మకు పదిమంది తోటికోడళ్ళు ఉన్నారు. బొట్టు పెట్టడం వాళ్ళకూ వచ్చు. కానీ ముందు వాళ్ళను బొట్టు పెట్టి పిలవాలి కదా. చురకమ్మ ఏనాడూ పిలవలేదు. అందుకని వాళ్ళు అరుగుల మీద చేరగిలబడి, సగం కళ్ళతో కునుకుతూ ఉండేవాళ్ళు.

ఎలుగుబంటి గీతలు మానుతున్న రోజుల్లో ఊళ్ళో ఆ మాటే నడిచింది.

చిన్న తోటికోడలు రవ్వమ్మ కునుకుతూనే అడిగింది. "అక్కా, మాకూ ఒక బొట్టు పెట్టరాదూ. తలో నాలుగిళ్ళు పిలిచి వస్తాం."

"పెద్దకోడలు గుమ్మంలోకి వెళ్ళి పిలిస్తేనే అది పిలుపు" అంది చురకమ్మ. "ఎవరు పడితే వాళ్ళు వెళ్తే కోతవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు."

"చిన్నబుచ్చుకునేది వాళ్ళా వదినా, నువ్వా?" అన్నాడు చెంబయ్య.

"నీ చెంబు సంగతి నువ్వు చూసుకో."

"చూసుకోవడానికి పనుంటే కదా. ఆ ఎలుగుబంటి వచ్చి వెళ్ళేసరికి నువ్వు లేపింది గట్టిగా పదిమందిని. నా చెంబులో నీళ్ళు చెంబులోనే ఉన్నాయి."

చురకమ్మ ముఖం తిప్పుకుంది. పదిమంది కోతవాళ్ళు కోసిన చక్కెరతో కాలి బొటనవేలు కదిలిందంతే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ ఇన్నేళ్ళుగా ఒంటిచేత్తో చేసిన మర్యాద. దాన్ని ఎలా వదులుతుంది?

ఏడాది తిరిగింది. మళ్ళీ ఇప్పపూలు రాలాయి. ముత్యాలి మళ్ళీ బుట్ట పట్టుకుంది. బుట్ట సగం నిండిందో లేదో, వెనక ఎండుటాకులు చప్పుడు చేశాయి.

"నువ్వేనా?" అంది ఎలుగుబంటి. "పోయినసారి సగంలో వదిలేసి వెళ్ళాల్సి వచ్చింది."

"పూలన్నీ నువ్వే తీసుకో మావా" అంది ముత్యాలి. మాట వచ్చింది గానీ కాళ్ళు మాత్రం కదల్లేదు.

"పూలకేం, తర్వాత తింటాను. ఈసారి మీవాళ్ళ డప్పులు కూడా వినపడటం లేదే."

నిజమే. గూడెంవాళ్ళు కొండ అవతల సంతకు వెళ్ళారు. కేక వేస్తే పలికేవాళ్ళు లేరు. ఎలుగుబంటి తీరిగ్గా ఒక అడుగు వేసింది.

అప్పుడే ముత్యాలి నెత్తుటి కాలువలో పడి ఒక కబురు దూసుకొచ్చింది. కబురు తెచ్చినవాడి పేరు అడ్రినలిన్. తొడపేటలోకి వాడికి ప్రవేశం లేదు. అందుకని తలుపు మీద దబదబా బాదాడు. తలుపు వెనక ఉన్న కాపలావాడు గంటలు మోగించాడు. పెద్దకోడలికి బొట్టు కాదు, ఆ గంటలే పిలుపు; వినగానే చురకమ్మ కొంగు బిగించి లేచింది.

మొదటి ఇంటికి వెళ్ళింది. భరిణె అందుకుంది, బొట్టు పెట్టింది. ఒకడు లేచాడు. రెండో ఇల్లు, ఇంకొకడు. మూడో ఇంట్లో లేచిన ముసలి కోతవాడు ఆవులిస్తూ, "కూర్చో తల్లీ, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్దువు" అన్నాడు.

"కూర్చునే వేళ కాదు తాతా" అంటూ ఆమె వీధిలోకి చూసింది. చూసి ఆగిపోయింది. వీధి పొడవునా మూసిన తలుపులే. గాదె దగ్గర ముగ్గురంటే ముగ్గురు కత్తులు నూరుకుంటున్నారు. ఊరు ఊరంతా ముత్యాలి గుండె చప్పుడుకు అదురుతోంది.

ఖాళీ చెంబుతో చెంబయ్య ఎదురొచ్చాడు. ఈసారి వేళాకోళం లేదు.

"వదినా, ఒక్క మాట చెప్పు. నీకు మర్యాద కావాలా, పిల్ల కావాలా?"

చురకమ్మ నాలుగో ఇంటికి వెళ్ళలేదు. గిరుక్కున తిరిగి తోటికోడళ్ళ అరుగుల వైపు పరుగెత్తింది. రవ్వమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తి నుదుట బొట్టు పెట్టింది.

"రవ్వమ్మా, లేమ్మా. ఇకనుంచి నీ చెయ్యి నా చెయ్యే."

రవ్వమ్మ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. "ఈ మాట కోసమేగా అక్కా కాచుకుని కూర్చున్నాం" అంటూ భరిణె అందుకుని వీధిలోకి దూకింది.

చురకమ్మ రెండో తోటికోడలికి పెట్టింది, మూడో ఆమెకు పెట్టింది. అలా పదిమందికీ పెట్టింది. ముందు లేపిన ముగ్గురిని పక్కన పెడితే, తాను పెట్టినవి పది బొట్లే. ఇప్పుడు లెక్క చూడండి. పదిమంది తోటికోడళ్ళూ తలో పదిమంది కోతవాళ్ళను పిలిచారు. పది పదులు వంద. వందమంది కోతవాళ్ళూ తలో పది ముక్కలు కోశారు. వంద పదులు వెయ్యి. మునుపు పది బొట్లకు వంద ముక్కలు వచ్చేవి. ఇప్పుడు అవే పది బొట్లు, ముక్కలు వెయ్యి.

గాదె దగ్గర కత్తుల జోరు వానలా ఉంది. చక్కెర పొయ్యిల్లోకి ఉరికింది. పక్క ఊళ్ళవాళ్ళు తొంగి చూశారు. "ఏం చేశారేంటి?" అని అడిగారు. "మీ తోటికోడళ్ళకు బొట్టు పెట్టండి" అని రవ్వమ్మ ఈ వీధి నుంచే అరిచింది. వాళ్ళూ పెట్టారు. ఒక ఊరు చూసి ఇంకో ఊరు, తొడ చూసి పిక్క, పిక్క చూసి పాదం.

ఎలుగుబంటి పంజా ఎత్తింది. దించేసరికి అక్కడ పూలు ఒలికిన బుట్ట దొర్లుతోంది.

ముత్యాలి పరిగెడుతోంది. తన కాళ్ళేనా ఇవి అని తనకే అనుమానం వచ్చింది. ముళ్ళకంప మీంచి ఎగిరింది. వాగును ఒక్క దూకులో దాటింది. పొదలోని కుందేలు పక్కకు తప్పుకుని, "ఎవరది, మనిషేనా?" అని పెళ్ళాన్ని అడిగింది. పెళ్ళాం కుందేలు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

ఎలుగుబంటి వాగు దాకా వచ్చి చతికిలబడింది. పరుగు మరిచిపోయి ఎన్నాళ్ళయిందో దానికి. ఆయాసం తీర్చుకుని, అవతలి గట్టున ఎత్తయిన బండ మీద కూర్చున్న ముత్యాలిని చూసింది.

"ఇది అన్యాయం" అంది. "నువ్వు నిలబడేదానివి."

"నిరుటి దాకా" అంది ముత్యాలి. "ఇకమీదట నువ్వు రేగుపళ్ళు ఇంటి దగ్గరే తినేసి రా మావా."

అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కిందికి చూసుకుంటే రెండు మోకాళ్ళూ గజగజా వణుకుతున్నాయి. "అపాయం దాటిందిగా, ఇంకా ఎందుకే?" అని మోకాళ్ళను అడిగింది.

మోకాళ్ళకు జవాబు చెప్పే తీరిక లేదు. తొడపేటలో చెంబయ్య చెమటలు కక్కుతున్నాడు. వందమంది కోతవాళ్ళ ముఖాలు కడగాలి, పదిమంది తోటికోడళ్ళ ముఖాలు కడగాలి. వాళ్ళేమో గెలిచిన సంబరంలో ఒక పట్టాన పడుకోరు. నీళ్ళకు పోతూ వస్తూ గొణిగాడు, "చెంబు కాదు వదినా, ఈసారి కావడి కొనిపెట్టు."

"పని లేదని ఏడ్చావుగా, కానియ్యి మరి" అంది చురకమ్మ. ఎప్పుడూ లేనిది అరుగు మీద తోటికోడళ్ళ మధ్య కూర్చుని, రవ్వమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగింది.

ముత్యాలి కాళ్ళను చూసి గూడెంవాళ్ళ కాళ్ళూ, వాళ్ళను చూసి మనుషులందరి కాళ్ళూ ఈ పని నేర్చుకున్నాయి. అప్పటినుంచే మనకు భయం వేస్తే తల ఇంకా ఆలోచిస్తుండగానే కాళ్ళు లేచి పరుగందుకుంటాయి. అప్పటినుంచే అపాయం దాటి ఒడ్డున పడ్డాక కూడా మోకాళ్ళు కాసేపు వణుకుతాయి. అలా వణికితే పిరికివాళ్ళమని సిగ్గుపడకండి. లోపల ఊళ్ళకు ఊళ్ళు గెలిచి సంబరం చేసుకుంటున్నాయి. చెంబయ్య ఇంకా అందరి ముఖాలూ కడగలేదు, అంతే.