గుచ్చిన గొంగళి

కుందవరం రాజు మాణిక్యరాయలుగారు మీసం దువ్వితే పొలిమేరలో కాకులు లేచిపోయేవి. అంత మీసం! అలాంటి మహారాజుకి ఓ రోజు పొద్దున్నే మినపట్టు తింటూ ఉండగా ఓ ఆలోచన పుట్టింది.

“నా రాజ్యంలో అందరూ నా దేవుడికే మొక్కాలి. పైపైన మొక్కితే చాలదు, మనసులోనూ ఆయనే ఉండాలి!”

ధర్మాధికారి విరూపన్న ఎగిరి గంతేశాడు. ఆయన పొగరు మోయడానికే రెండు ఏనుగులు కావాలి.

“మనిషిని చూస్తే చాలు ప్రభూ, మనసులో ఏ దేవుడున్నాడో చెప్పేస్తాను. ఆ దూదేకుల మస్తానయ్య వాళ్లలో ఒక్కడి మనసులోనూ మన దేవుడు లేడు. పొద్దుగూకేలోగా ఊరు దాటించండి!”

కబురు విని పరిగెత్తుకొచ్చిన మస్తానయ్య గొల్లుమన్నాడు. “కోడలికి నెలలు నిండాయి ప్రభూ! ఎక్కడికని పోతాం? మా నమాజేదో మేం చేసుకుంటాం, ఎవరి జోలికీ రాము.”

రాజుగారికి తమలపాకులు చుట్టిచ్చే రాచమ్మ పక్కనే ఉంది. ఆమె నోటికి కోట తలుపులు కూడా దడిచేవి.

“ధర్మాధికారిగారూ, మొహం కప్పినా చెప్తారా?”

“గోడ కట్టినా చెప్తాను, పో!”

“అయితే నలుగురిని గొంగళ్లు కప్పి కూర్చోబెడతాను. మన దేవుణ్ణి తలుచుకోనివాణ్ణి పట్టుకోండి. పట్టుకుంటే వాళ్లతోపాటు నన్నూ గెంటేయండి.”

విరూపన్నను బయటికి పంపారు. రాచమ్మ సింహాసనానికి అడ్డంగా తెర దింపించి, రాజుగారి చెవిలో ఊదింది.

“తమరూ కూర్చోండి ప్రభూ. తమరి భక్తి గొంగట్లోంచైనా దీపంలా కనబడొద్దూ!”

రాజుగారు పొంగిపోయి కూర్చున్నారు. పక్కన మస్తానయ్య, ఇద్దరు గొర్రెల కాపరులు.

చలికాలమంతా గొంగట్లో దొర్లే ఆ ముగ్గురూ రాళ్లలా కూర్చున్నారు. పట్టు తప్ప ఎరగని రాజుగారి ఒంటికి మాత్రం లక్ష చీమలు ఒక్కసారే కుట్టినట్టయింది. గోక్కున్నారు, మెలికలు తిరిగారు, గెంతినంత పని చేశారు.

విరూపన్న లోపలికి వస్తూనే వేలు చూపించాడు.

“వీడే! మనసులో వేరే దేవుడుంటే ఒళ్లు ఇలాగే నిలవదు. మన దేవుడి పేరు ఈ జన్మలో తలచి ఉండడు, పచ్చి ద్రోహి!” అంటూ వేలితో డొక్కలో ఒక్క పోటు పొడిచాడు.

గొంగళి ఎగిరింది. మీసాలు బయటపడ్డాయి.

“నేనా ద్రోహిని? దేవుణ్ణే తలుచుకుంటున్నానయ్యా! ఈ గొంగళి గుచ్చుతుంటే కదలనా?”

రాచమ్మ తమలపాకుకి తాపీగా సున్నం రాస్తూ అంది:

“తమరికి గుచ్చింది గొంగళి, విసిరేశారు. మస్తానయ్య వాళ్లకి గుచ్చుతున్నది తమరి ఆజ్ఞ. వాళ్లెలా విసిరేస్తారు ప్రభూ?”

రాజుగారు కిందపడ్డ గొంగళి కేసి ఓసారి చూశారు. ఆ తర్వాత నవ్వారు చూడండి, కోట మీద పెంకులన్నీ జారిపోయాయి.

“ఆ ఆజ్ఞని నేనే విసిరేస్తున్నాను. ఎవరి దేవుడు వాళ్లకి. ఇక ఎవరి మనసులోకీ నా భటులు తొంగిచూడరు!”

రాచమ్మకి బంగారు కడియాలు తొడిగారు. చెయ్యెత్తాలంటే ఇద్దరు మనుషులు పట్టాల్సినంత బరువు! విరూపన్నకి మాత్రం ఆ గొంగళే సన్మానం. రోహిణి కార్తె ఎండలో దాన్ని కప్పుకుని, గోక్కుంటూ మెట్లు దిగుతుంటే మస్తానయ్య ఎదురొచ్చాడు.

“ఒళ్లు నిలవడం లేదేం ధర్మాధికారిగారూ? మనసులో ఎవరున్నారేంటి?”